సాక్ష్యంలోకి వచ్చిన లారీ

ఏప్రిల్ 26, శనివారం
రేపు చర్చిలో, మా సంఘం ముందు నా మొదటి సాక్ష్యం. రంజాన్ నెలలో కోట్‌పల్లి రోడ్డు మీద నా బండికి కుక్క అడ్డం వచ్చింది. పడ్డాను. నుదురు చిట్లింది. మా వీధి ఆటో మొహియుద్దీన్ అటుగా వస్తూ చూసి వికారాబాద్ ఆసుపత్రికి తెచ్చాడు. దేవుడు కాపాడాడు. ఇంతే చెప్పాలి. కొందరు సాక్ష్యం పేరుతో చిలవలు పలవలు అల్లుతారు. నేను ఆ బాపతు కాదు. ఉన్నది ఉన్నట్టే చెబుతానని ప్రార్థన చేసి మరీ తీర్మానించుకున్నాను.
నా భార్య నిరోషా "చూద్దాం తియ్" అంది. విశ్వాసం తక్కువ మనిషి.

ఏప్రిల్ 27, ఆదివారం
మాట నిలబెట్టుకున్నాను. నాకంటే ముందు ఇంద్రమ్మ పాముకాటు సాక్ష్యం చెప్పింది. హాలంతా హల్లెలూయ. నేను కుక్క అనగానే వెనక ఎవరో నవ్వారు. చివర్లో స్తోత్రం అన్నది నిరోషా ఒక్కతే.

మే 4, ఆదివారం
సాయంత్రం మోమిన్‌పేట్ ప్రార్థన కూటం. కుక్కను తీసేసి లారీ పెట్టాను. పూర్తి అబద్ధమేం కాదు. నేను పడ్డాక ఒక లారీ పోయింది, కాస్త దూరంగా. హల్లెలూయలు బాగా వచ్చాయి.

మే 9, శుక్రవారం
ఉపవాస ప్రార్థన. లారీకి బ్రేకులు పోయాయి. నేను అనుకుని వెళ్లలేదు. మైకు పట్టుకోగానే వాటంతటవే పోయాయి.

మే 11, ఆదివారం
తాండూరు కూటం. నిరోషా, నేను మొహియుద్దీన్ ఆటోలోనే వెళ్లాం, అతను బయట ఆగాడు. లోపల జనం, డ్రమ్ములు. నాకు పూనకం వచ్చినట్టయింది. "తెల్లబట్టలాయన ఒకరు నన్ను ఎత్తుకున్నడు. కండ్లు తెరిసేసరికి మాయం" అన్నాను. అందరూ లేచి నిలబడ్డారు. పాస్టరుగారు కళ్లు తుడుచుకున్నారు. మైకు బయటికి కూడా వినిపిస్తుందని మరిచాను.
తిరుగు దారిలో ధారూర్ దాటాక మొహియుద్దీన్ ఆటో వేగం తగ్గించాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు.
"నవీనన్నా, గా తెల్లబట్టలాయన మస్తు మంచోడు. నాది ఖాకీ అంగీ. నీ నెత్తురు అంటితే మా అమ్మ రెండుసార్లు ఉతికింది. ఆనాడు నేను రోజా ఒక్కపొద్దు ఉన్న. నీకు కుట్లేసేదాక నీ చెయ్యి ఇడువలే. ఇఫ్తార్‌కు నీళ్లు సుత ఆ ఆసుపత్రిలనే తాగిన. యాదికొచ్చి చెప్తున్న, గంతే."
నిరోషా నా వైపు చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. దేవుడు పంపిన మనిషిని నేనే మాయం చేశాను.

మే 15, గురువారం
కోట్‌పల్లి కూటం నుంచి ఫోన్. "అన్నా, ఆదివారం రావాలె. గా లారీ సాక్ష్యమే కావాలంటున్నరు." నోరు జారి సరేనన్నాను.
ఫోన్ పెట్టేసి నేరుగా మొహియుద్దీన్ దగ్గరికి వెళ్లాను. "ఈసారి బయట ఆటోల కూసోకు. లోపలికొచ్చి ముందు కూసో. నీ పేరు చెప్త" అన్నాను.
అతను తల ఊపాడు. "వస్తనన్నా. కానీ లారీ వచ్చిందంటే నడుమలనే లేస్త."
మళ్లీ తీర్మానం. కుక్క, మొహియుద్దీన్, దేవుడు. ఇంకెవరూ లేరు. కుక్క మాత్రం నిజంగానే కాస్త పెద్దది.