అమ్మ కాపాడిన సీనియారిటీ

ఫిబ్రవరి 3, సోమవారం
శంకరప్ప సేట్ కబురు పంపాడు. ఆయన పప్పుమిల్లులో కాటా దగ్గర మనిషి కావాలట. కందుల బస్తాలు తూకం వేయించి కంప్యూటర్‌లో ఎక్కించాలి. పీఎఫ్ కూడా కడతాడట. వారంలో చెప్పమన్నాడు.

నా భార్య జ్యోతి వెంటనే పో అంది. అమ్మ వద్దంది. పీఎఫ్ అనే మాట వింటే అమ్మకు పామును చూసినట్టే.

ఫిబ్రవరి 4
అమ్మ లెక్క ఇది. డిగ్రీ అయిన ఏడాదే ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసులో నా పేరు రాయించాం. సీనియారిటీ ప్రకారం ఏదో ఒకరోజు సర్కారు కాల్ లెటర్ వస్తుంది. ప్రైవేటులో చేరి పీఎఫ్ నంబర్ పడితే కార్డు క్యాన్సిల్. ఇది మా మేనమామ అంజిలయ్య చెప్పిన సంగతి. ఆయన తహసీల్ ఆఫీసులో అటెండర్‌గా చేశాడు కాబట్టి మా ఇంట్లో ఆయన మాటే జీవో.

ఆ మాట మీదే సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో వచ్చిన పని వదిలేశాను. తర్వాత ఇంకో రెండు వదిలేశాను. పీఎఫ్ లేని పనులే చేశాను. ట్యూషన్లు, జిరాక్స్ షాపు, సర్వేలు. అవీ లేనప్పుడు ఊరికే కూర్చున్నాను. అమ్మ నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో బండలు మోసి నన్ను కూర్చోబెట్టింది. మావోని నంబర్ దగ్గరపడ్డది అని వాడకట్టంతా చెప్పుకుంది.

నాకు ముప్పై తొమ్మిది.

ఫిబ్రవరి 5
ఏమీ లేదు. కరెంటు పోయింది, వచ్చింది.

ఫిబ్రవరి 7, శుక్రవారం
కార్డు రెన్యూవల్ అని ఇంట్లో చెప్పి, ప్యాసింజర్ ఎక్కి వికారాబాద్ పోయాను. ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసులో స్నేహలత మేడం ఉంది. నాకంటే చాలా చిన్నది. పీఎఫ్ సంగతి అడిగాను. ప్రైవేటు పనికి, కార్డుకు ఏం సంబంధం, గట్లెవరు జెప్పిన్రు సార్ అంది. అయినా సీనియారిటీ మీద పిలుసుడు ఎన్నడో తగ్గిపోయింది, ఇప్పుడన్నీ నోటిఫికేషన్లు, పరీక్షలే, మేం జాబ్ మేళా పెడుతున్నం, జర రాండ్రి అంది.

నాకు కోపం రావాలి. రాలేదు. బయట చాయ్ తాగాను. చక్కెర ఎక్కువైందనుకున్నాను, అంతే.

సాయంత్రం 6
మా తాండూరులో దిగాక ఇంటికి పోలేదు. ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చున్నాను. ల్యాబ్ పనికి నాతోపాటు పిలుపు వచ్చిన సోమేశ్వర్ ఇప్పుడు షిఫ్ట్ ఇన్‌చార్జి. మొన్న కారు ఆపి మరీ పలకరించాడు. మంచివాడే.

ఫిబ్రవరి 10, సోమవారం
మిల్లులో చేరాను. ఫారంలో ఇంతకుముందు ఉద్యోగం అన్నచోట గీత గీశాను. దుమ్ముకు రోజంతా తుమ్ములు.

ఇంటికొచ్చేసరికి అమ్మ ఏడుస్తోంది. నోటికాడి బుక్క ఎత్తగొట్టినవ్ అంది. నన్ను కాదు, జ్యోతిని. నువ్వొచ్చి నా కొడుకు నంబర్ మింగినవే అంది.

ఆఫీసులో విన్నది నేను అప్పుడే చెప్పాల్సింది. చెప్పులు విప్పి లోపలికి పోయాను.

ఫిబ్రవరి 12
జ్యోతి వండింది అమ్మ ముట్టడం లేదు. వేరే వండుకుంటోంది.

ఫిబ్రవరి 14
జ్యోతికి అంతా చెప్పాను. మొదట నవ్వింది. ఎంతకీ ఆ నవ్వు ఆగలేదు. ఆ తర్వాత లేచి గిన్నెలు తోమింది.

అమ్మకు చెప్పేస్తానన్నాను. వద్దంది. బండలు మోసి మోసి నడుము పోగొట్టుకున్న మనిషి, గదంతా ఉత్తదే అని తెలిస్తే బతుకుతదా అంది. నన్నే తిట్టుకోనియ్ అంది. కానీ నేను మర్వ, అత్త మాటలు మరుస్త, నువ్ జేసింది మర్వ అంది. గంట సేపు రైల్ల కూసోని పోయి అడగరాదా, ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న అంది.

అడగనంతకాలం నాకు ఒక నంబర్ ఉంది. అది పోతుందని భయం.

ఫిబ్రవరి 19
ఈరోజు కూడా అమ్మ జ్యోతిని తిట్టింది. నేను ఇంకొంచెం చారు పోసుకున్నాను.