పోయింది అన్న మాట

చిరంజీవి అల్లుడు గారికి అత్తయ్య ఆశీస్సులు.

ఇక్కడ పిల్లలిద్దరూ, నేనూ, నా మోకాళ్ళూ ఉన్నాం. క్షేమం అన్న మాట మాత్రం పిల్లల వరకే. అక్కడ మీరు వేళకు తింటున్నానని రాశారు. చదివాను, నమ్మలేదు.

జాంబియాను పిల్లలకు కాస్త కాస్తగా పరిచయం చేస్తున్నారా అని అడిగారు. చేస్తున్నాను. గోడకు పటం తగిలించాను. ఏ వైపునా సముద్రం లేని దేశం అంటే, "పాపం, స్నానం ఎలా?" అంది చిన్నది. రాగి గనుల గురించి చెబుతుంటే పక్కింటావిడ వచ్చి, "వీధుల్లో సింహాలు తిరుగుతాయటగా పిన్నిగారూ?" అంది, పిల్లల ముందే.

"మన వీధి కుక్కల్ని దాటుకుని రోజూ కూరలకు వెళ్తున్నావుగా, నీకేం భయం?" అన్నాను.

ఆవిడ వెళ్ళాక పెద్దది మెల్లగా, "అమ్మని గుద్దింది లారీ కదా అమ్మమ్మా, లారీలు ఇక్కడా ఉన్నాయి" అంది. పదకొండేళ్ళకు రావాల్సిన తెలివి కాదది.

చిన్నది మీ దగ్గరికి రావడానికి గంతులేస్తోందని కిందటి ఉత్తరంలో రాశాను. మీరు సంతోషించారు. ఎందుకు గంతులేస్తోందో రాయలేదు.

అమ్మాయి ఉద్యోగానికి బయల్దేరినప్పుడు "అమ్మ జాంబియా పోయింది" అన్నాం. ఆ కబురు వచ్చిన రోజు "అమ్మ పోయింది" అన్నాం. "తెలుసుగా, జాంబియా!" అని చిన్నది ఆటకు పరుగెత్తింది. బళ్ళో తెలుగు చెప్పి, ఊళ్ళోవాళ్ళ పెళ్ళి పత్రికల్లో కూడా తప్పులు దిద్దినదాన్ని, ఆ ఒక్క తప్పూ దిద్దలేదు. అది అలా ఉన్నంతకాలం నా కూతురు ఎక్కడో ఉన్నట్టే ఉండేది.

మొన్న చిన్నది పటం మీద వేలు పెట్టి, "నా పళ్ళు ఊడాయిగా, అమ్మ నన్ను గుర్తుపడుతుందా?" అంది.

"పోయింది అంటే వెళ్ళిందని కాదే."

"మరి?"

"కాలం చేసింది."

"ఏం చేసింది?"

నాకు తెలిసిన మర్యాద మాటలన్నీ అక్కడితో అయిపోయాయి. "చచ్చిపోయింది" అన్నాను. కన్నతల్లి నోట రావాల్సిన మాట కాదు. చిన్నది చేత్తో నా నోరు మూసింది.

అప్పటినుంచి పటానికి వీపు పెట్టి కూర్చుంటోంది. కలిపి పెడితే తింటోంది. రానంటోంది. అయినా పంపిస్తాను. తండ్రి ఉండగా పిల్లల్ని అమ్మమ్మ దాచుకోవడం దొంగతనం.

దిగగానే నవ్వుతూ బొమ్మలేవీ చేతికివ్వకండి. ఎత్తుకోండి. ఇంటికన్నా ముందు వాళ్ళమ్మ సమాధి దగ్గరికి తీసుకెళ్ళండి. అక్కడ ఎంతసేపు కూర్చుంటే అంతసేపు కూర్చోనివ్వండి. ఉరిమే పొగ అని అక్కడివాళ్ళు పిలిచే జలపాతం మొదట చూపిస్తానన్నారు. తర్వాత చూపించండి. జలపాతం ఎక్కడికీ పోదు.

ఇట్లు,
మీ పిల్లల అమ్మమ్మ,
మీ అత్తయ్య