కల్వర్టు కూలిన కారణం

పూజ్యులైన మామయ్య గారికి నమస్కరించి రాయునది.

మా పాప సరళ మీ దగ్గర కాస్త అన్నం తింటున్నదని తెలిసింది. అమ్మ ఏదని అడిగితే ఏం చెబుతున్నారో మీరు రాయలేదు.

రుక్మిణి చితి దగ్గర మీరు, "ఆ కల్వర్టు పలగొట్టినోని చేతులు పడిపోను" అని ఏడ్చారు. పక్కనే తలవంచుకొని నిలబడ్డాను. అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను.

అంతకు నాలుగు రోజుల ముందు రజాకార్లను ఎదిరించే సంగం మనుషులు మా ఇంటికి వచ్చారు. "ఇంజనీరు సారూ, రజాకార్ల లారీలు మా ఊరు కాలబెట్టనీకి వస్తున్నయి. మీరు కట్టించిన కల్వర్టు యాడ కొడితే కూలుతది?" అని అడిగారు. కమాను నడిమి రాయి తీయమని కాగితం మీద గీసి చూపించాను. లారీలు రాలేదు. ఊరు మిగిలింది.

రుక్మిణికి ఇంకా నెల ఉందనుకున్నాను. నొప్పులు ముందే వచ్చాయి. కల్వర్టు లేకున్నా వాగులో దిగి దాటవచ్చని జనగామ దవాఖానకు బండి కట్టించాను. మేం చేరేసరికి వాగు నిండుగా పారుతున్నది. ఆ ఒడ్డునే ఆమె, కడుపులోని బిడ్డ పోయారు. పోయేముందు నా చెయ్యి పట్టుకొని, "మీరు కట్టింది ఊకనే కూలది. ఎవరో కొట్టిన్రు. మీరు మనసుల పెట్టుకోకుండ్రి" అన్నది.

కల్వర్టు ఎందుకు కూలిందో తెలపమని ఆఫీసు నుంచి తాకీదు వచ్చింది. వరద అని రాశాను. మీకు అలా రాయలేకపోయాను.

ఈ చేతులతో సరళను ఎత్తుకోవచ్చో లేదో మీరే చెప్పండి.

మీ అల్లుడు