లావణ్య మోకాలు ఎవరిది

అక్టోబర్ 12, సోమవారం

మా హెడ్ కోచ్ యాదగిరి సార్‌కు కొత్త పిచ్చి. కేబుల్‌లో అమెరికా ఫుట్‌బాల్ చూశాడట. తోసేవాళ్లకు ఒక కోచ్, విసిరేవాళ్లకు ఒకడు, తన్నేవాడికి ఇంకొకడు.

"మనం గూడ గట్లనే చేద్దం."

మన కాలేజీ ఆడపిల్లల కబడ్డీ జట్టుకు! పట్టుకునేవాళ్లు నాకు. కూతకు వెళ్లేవాళ్లు ఇంకో కోచ్ శ్రీనివాస్‌కు. పైన ఆయన.

నా భార్య సుగుణ పోయి ఇవాళ్టికి నాలుగు నెలలు. ఎవరికీ గుర్తు చేయలేదు.

అక్టోబర్ 15

నా జట్టులో మూలన నిలబడి కాలు పట్టే మంచి కార్నర్ లావణ్య. శ్రీనివాస్ అడగకుండా కూతకు లాక్కున్నాడు. ఆ మనిషి విజిల్ వింటేనే ఒళ్లు మండుతుంది.

అక్టోబర్ 19

లావణ్య కుడి మోకాలు వాచింది. కాలు పూర్తిగా మడవలేకపోతోంది. శ్రీనివాస్‌కు చెప్పాను.

"గా మోకాలు నాది సార్. పట్టు మీది. మీ లైన్ల మీరుండుండ్రి."

పిల్లలు నవ్వారు. గ్రౌండు ఎదురుగా కడుతున్న గుండ్రని బిల్డింగుకు అద్దాలు బిగిస్తున్నారు. ఆ చప్పుడులో మిగతాది వినపడలేదు. మంచిదే.

అక్టోబర్ 20

యాదగిరి సార్ — "కూత సంగతి శీనును అడుగుండ్రి."

శ్రీనివాస్ — "నొప్పి సంగతి దవాఖానల అడుగుండ్రి."

సుగుణ ఆస్పత్రిలో ఉన్నప్పుడూ ఇంతే. గుండె డాక్టరు గుండె చూశాడు. కిడ్నీల డాక్టరు కిడ్నీలు చూశాడు. సుగుణను ఎవరు చూస్తున్నారని నేను అడగలేదు. చదువుకున్నవాణ్ని. అడగలేదు.

అక్టోబర్ 22

లావణ్యనూ వాళ్లమ్మనూ ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. లిగమెంటు సగం తెగింది. ఇంకోసారి మెలిక పడితే ఆట ఉండదన్నాడు.

బయటికొచ్చాక లావణ్య — "సెలెక్టర్లు శనివారం ఫైనల్‌కే వస్తరు సార్. మోకాలు ఆదివారం చూస్కుంటం."

వాళ్లమ్మ ఖాజాగూడ నుంచి రోజూ ఆ గుండ్రని బిల్డింగు దగ్గరికే తట్టలు మొయ్యడానికి వస్తుంది. పిల్లకు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తే మానేస్తుందట. 

అక్టోబర్ 24, శనివారం. ఫైనల్

ఆడేవాళ్ల పేర్లు రాసిచ్చేది నేనే. లావణ్య పేరు రాయలేదు. రెఫరీల టేబుల్ దగ్గర ఇచ్చేశాను.

శ్రీనివాస్ నా కాలర్ పట్టుకున్నాడు. "ఎవనివయ్యా నువ్వు? పిల్ల నౌకరీ తింటవా?" యాదగిరి సార్ చూస్తూ నిలబడ్డాడు. నేనే విడిపించుకున్నాను. అలాంటివాణ్ని కొట్టినా పాపం లేదు. కొట్టలేదు.

లావణ్య వచ్చింది. కుంటుతూనే.

"మేడమ్ ఉంటే నన్ను గిట్ల ఆపునా సార్?"

ఈ పిల్లలకు సుగుణ మూడేళ్లు మజ్జిగ పోసింది. ఆపేదా? తెలియదు.

మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. సగం ఆట అయింది. ఆరు పాయింట్లు వెనక. యాదగిరి సార్ టేబుల్ మీద వంగి, లావణ్య పేరు చేర్చమని బతిమాలుతున్నాడు. లావణ్య బూట్లు విప్పి పక్కన పెట్టింది, బరిలోకి దిగడానికి.

ఆ పేరు రాయనివ్వకూడదు. లేచి టేబుల్ దగ్గరికి వెళ్తున్నాను —