బావగారి టపా వ్యాను

చెల్లెమ్మా,

నేను క్షేమమే, నన్నెవరూ కొట్టలేదు. ఇంటి గుట్టు రచ్చకెక్కకుండా కవరులో రాయమన్నావు. నీదాకా మోసుకొచ్చే ప్రతివాడూ చదవాలనే కార్డు మీద రాస్తున్నాను.

ఇక్కడి టపా పని నీ ఆయన కాంట్రాక్టుకు తీసుకుని, నాతో పనిచేసిన వాళ్ళందరినీ ఇంటికి పొమ్మన్నాడు. యూనియను సమ్మెకు దిగింది. రిటైరైనా నేనూ వెళ్ళి పోస్టాఫీసు గేటులో కూర్చున్నాను. నిన్న ఆయన వ్యాను వేసుకుని వచ్చి, "బావగారూ, ఈ వయసులో ఎండలో మీకేం ఖర్మ? లోపలికి రండి, కొత్తవాళ్ళకు పని నేర్పండి, మంచి కుర్చీ వేయిస్తా" అన్నాడు. "కుర్చీ నేనే తెచ్చుకున్నాను బావగారూ. మీ వ్యానుకు అడ్డంగా వేసుకున్నాను, కనబడలేదూ?" అన్నాను. మావాళ్ళు పగలబడి నవ్వారు. వ్యాను వెనక్కి తిరిగింది. ఇతగాడికి లెక్కలే తప్ప మనుషులు తెలియరని సంబంధం వచ్చిన నాడే మొత్తుకున్నాను, నాన్న వింటేగా!

నీ కాపురం కోసం నన్ను లేచి రమ్మన్నావు. లేస్తే ఇక్కడ ఇంతమంది కాపురాలు ఏం కావాలి? అలిగితే అలుగు, ఉత్తరాలు మాత్రం మానకు.

మోకాలి నొప్పి తగ్గిందా? మీ ఇంట్లో మరిచిపోయిన లావుపాటి చరిత్ర పుస్తకం పంపు, గేటులో బోలెడు తీరిక.

నీకూ పిల్లలకూ ఆశీస్సులు. నీ ఆయనకు చెప్పాల్సింది రేపు వ్యానుకు ఎదురుగా నిలబడి నేనే చెబుతాను.

అన్నయ్య