బండ ఒరుసుకున్న చోట

పెద్దమ్మా,

ఫోను పెదనాన్న జేబులో ఉంటుందని, ఆస్పత్రి నుంచి ఊరికి వస్తున్న పక్క మంచం ఆమెతో ఈ ఉత్తరం పంపుతున్నాను. అంగన్‌వాడీ టీచరమ్మ చేత చదివించుకో, మగవాళ్ల చేత వద్దు.

అమ్మ కాలికి కట్టు వేశారు, నొప్పి తగ్గింది. నిన్న నర్సమ్మ వార్డులో నలభై దాటిన ఆడవాళ్లందరికీ రొమ్ములు పరీక్షించింది. అమ్మకు ఎడమ వైపు గడ్డ తగిలింది. రొమ్ముకు ఎక్స్‌రే లాంటిది, మామోగ్రామ్ తీయించాలంది.

అమ్మ నవ్వేసింది. “కాలిరిగి వస్తే ఈడ చూస్తావేందమ్మా? పాలిష్ ఫ్యాక్టరీలో బండలు రొమ్ముకానించి మోస్తాండాం, గట్టిపడకుండా ఉంటాదా? మా అక్కకూ ఉండాది. శానా ఏండ్లాయ, ఆమె సచ్చిందా?”

వార్డంతా నవ్వింది. నేను మాత్రం నర్సమ్మ వెనకే పోయి అడిగాను.

బండ ఒరుసుకుంటే కమిలిపోతుంది కానీ, ఇట్లా గడ్డ ఏళ్ల తరబడి ఉండిపోదని నర్సమ్మ అంది. అదేమిటో పరీక్ష చేస్తేనే తెలుస్తుందట. అమ్మేమో ఎల్లుండి ఇంటికి పోదామంటోంది. నా మాట వినదు.

రేపు పొద్దున బేతంచెర్లలో రైలెక్కి కర్నూలు రా. చెల్లెల్ని చూసొస్తానని పెదనాన్నకు చెప్పు, చాలు. నువ్వు ఆ పరీక్ష గదిలోకి పోతే అమ్మ వెనకే వస్తుంది. నీకు ఇన్నేళ్లుగా గడ్డ ఉందంటే ముందు చూడాల్సింది కూడా నిన్నే పెద్దమ్మా. నాకు చాలా భయంగా ఉంది. రా.

నీ చెల్లెలి బిడ్డ