పొత్తిళ్ళ అంచు

వదినగారికి,

మీరు రాలేకపోయారు కనుక చివరి రోజు సంగతి రాస్తున్నాను. ఆ పొద్దున మీ చెల్లెలు కాసిని పాలు తాగింది. సూదిలో దారం ఎక్కించమంది. నాకు చూపు ఆనక ఆలస్యమైంది. ఎక్కించి తలెత్తేసరికి పోయింది.

మీ పుట్టింట పసిపిల్లల పొత్తిళ్ళకు మాత్రమే కుట్టే అంచు ఉంది కదా. మాకు పిల్లలు లేరని దాన్ని నా చొక్కాల లోపలివైపు కుట్టేది. "అక్కతో అనకండి, చంపేస్తుంది" అని నవ్వేది.

ఆమె పనిచేసిన బట్టలు, చెప్పుల కంపెనీ డిజైనర్ పరామర్శకు వచ్చి, తిరగేసి ఆరేసిన చొక్కా మీద ఆ అంచు చూశాడు. ఫోటో తీసుకుని తిరిగిస్తానని చొక్కా అడిగాడు. ఆమె పనిని ఒకరు మెచ్చుకుంటుంటే కాదనలేక చొక్కా ఇచ్చేశాను. నిన్న ఫోన్ చేశాడు.

"చెప్పుల మీద వేసి చూశాం, అదిరిపోయింది మాస్టారూ! ఆవిడ పేరే పెడతాం. భర్తగా మీరొక్క సంతకం పెడితే చాలు."

భర్తనే. కానీ ఆ అంచు నాది కాదు. ఆమె చనువుకొద్దీ నాకు కుట్టింది. ఇంకొకరికి ఇచ్చే హక్కు నాకెక్కడిది? ఈ మాట అనుకోవడానికి ఇంట్లో మనిషి లేక మీకు రాస్తున్నాను. తిట్టాలనిపిస్తే తిట్టండి.

రేపు పొద్దున కంపెనీ తలుపులు తీసే వేళకే వెళ్ళి, సంతకం పెట్టనని చెప్పి, చొక్కా తెచ్చుకుంటాను.

మీ మరిది